పాత ట్రాంబోన్: వయసెంత, వెల ఎంత?

ప్రశ్న: మేము ఒహాయోలో, క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటాం. కొన్నేళ్ల క్రితం మా పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతూ, తను స్కూల్లో వాయించిన ట్రాంబోన్‌ని (గొట్టం జరుపుతూ ఊదే ఇత్తడి వాయిద్యం) మా అబ్బాయికి ఇచ్చి వెళ్లారు. డబ్బులేమీ తీసుకోలేదు. ఆయన ఫోన్ నంబరు మా దగ్గర ఉంది. మావాడు మిడిల్ స్కూల్ బ్యాండ్‌లో దాన్నే వాయించాడు. ఇప్పుడు హైస్కూల్లో బ్యాండ్ మానేసి రోబోటిక్స్‌లో చేరాడు. దాన్ని అమ్మేద్దామని ఉంది. ముందు భాగం మీద పెద్ద అక్షరాలతో ‘క్లీవ్‌లాండ్’ అని, దాని కింద చిన్నగా ‘మేడ్ బై ది హెచ్.ఎన్. వైట్ కంపెనీ, క్లీవ్‌లాండ్, ఒహాయో’ అని చెక్కి ఉంది. 12తో మొదలయ్యే ఆరంకెల నంబరు ఉంది. మావారు ఆ నంబరు పట్టుకుని నెట్‌లో వెతికి, ఇది 1930 నాటి కింగ్ కంపెనీ యాంటిక్, పదిహేను వందల డాలర్లకు పైసా తగ్గొద్దు అంటున్నారు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారేమో మాసిపోయిందని, చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుందని కూర్చున్నారు. మౌత్‌పీస్ ఇరుక్కుపోయి రావడం లేదు. ఊరికే వచ్చిన వస్తువును అమ్ముకోవడం తప్పేమో అని నాకు ఇంకో టెన్షన్. ఫోటోలు పంపుతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఒహాయో

జవాబు: ముందు మీ అత్తగారిని ఆపండమ్మా. మిగతా సంగతులు నిదానంగా మాట్లాడుకోవచ్చు.

పెద్దావిడ మాటలో తప్పు లేదు. మన ఇంట్లో ఇత్తడి చెంబుకీ, దీపపు కుందికీ పూత ఉండదు కాబట్టి చింతపండు పులుపు చిలుమును తినేసి మెరుపు తెస్తుంది. ట్రాంబోన్ సంగతి వేరు. దానికి ఫ్యాక్టరీలోనే లాకర్ అని పల్చటి పారదర్శకమైన పూత వేస్తారు. ఆ పూత ఉన్నచోట చింతపండు చేసేదేమీ లేదు, పీచుతో రుద్దిన గీతలు మాత్రం మిగులుతాయి. పూత లేచిపోయిన చోట పులుపు ఇత్తడి మీద పనిచేసి అక్కడక్కడా గులాబీ రంగు తేలుతుంది. పీతాంబరి పొడి అయినా, ఇక్కడ దొరికే బ్రాసో అయినా కథ ఇదే.

గులాబీ రంగు వస్తే పోయేదేముంది అనుకుంటారేమో. ట్రాంబోన్ కొనేవాళ్లు మొట్టమొదట భయపడేది ఆ రంగుకే. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. ఏళ్ల తరబడి గొట్టం లోపల ఉమ్మి, తడి నిలిచిపోతే జింకు కరిగి వెళ్లిపోయి, బలం లేని రాగి మిగులుతుంది. బయటికి అది చిన్న గులాబీ మచ్చలా, మధ్యలో ముదురు చుక్కతో కనిపిస్తుంది. దీన్ని రెడ్ రాట్ అంటారు. లోపలి నుంచి బయటికి తినుకుంటూ వచ్చే జబ్బు ఇది. గొట్టం మార్చడం తప్ప మందు లేదు. లేని జబ్బును చింతపండుతో తెచ్చిపెట్టుకుని, కొనేవాడికి అనుమానం కలిగించడం ఎందుకు? మీ ఫోటోల్లో వెనక వంపు దగ్గర నాకు అలాంటి మచ్చలు కనిపించలేదు. మౌత్‌పీస్ పెట్టే గొట్టం దగ్గర మాత్రం వెలుతురు సరిపోలేదు, పగటిపూట కిటికీ దగ్గర పెట్టి మీరే ఒకసారి చూడండి.

ఇక వయసు. మీవారు లెక్క తప్పలేదు, నంబరును బట్టి ఏడాది చెప్పే పట్టికే తప్పుది చూశారు. హెండర్సన్ వైట్ అనే ఆయన 1893లో క్లీవ్‌లాండ్‌లో ఈ కంపెనీ పెట్టారు. థామస్ కింగ్ అనే ట్రాంబోన్ వాద్యకారుడితో కలిసి మంచి ట్రాంబోన్ ఒకటి తయారుచేశారు, దానికి ఆయన పేరే పెట్టారు. అలా ‘కింగ్’ పుట్టింది. కంపెనీ పేరు హెచ్.ఎన్. వైట్, అసలైన పై రకం సరుకు పేరు కింగ్. దాంతో పాటు స్కూలు పిల్లల కోసం, కొంచెం తక్కువ ధరకు వేరే పేర్లతో కూడా అమ్మేవాళ్లు. అందులో ఒకటి ‘అమెరికన్ స్టాండర్డ్’, ఇంకొకటి ‘క్లీవ్‌లాండ్’. అంటే మీ ట్రాంబోన్ మీద క్లీవ్‌లాండ్ అని రెండుసార్లు ఉన్నది ఊరికే కాదు. కిందది ఊరి పేరు, పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది రకం పేరు. మీరు ఆ ఊరి పక్కనే ఉంటారు కాబట్టి రెండూ ఊరి పేరే అనిపించి ఉంటుంది.

ఈ క్లీవ్‌లాండ్ రకానికి నంబర్ల వరస వేరు. కింగ్ పట్టికలో అలాంటి ఆరంకెల నంబరు 1930 దగ్గర పడుతుంది, నిజమే. కానీ క్లీవ్‌లాండ్ ట్రాంబోన్ నంబరును కింగ్ పట్టికలో వెతికితే వచ్చిన ఏడాదికి అర్థం లేదు. నెట్‌లో పాత వాయిద్యాల వయసు ఎక్కువ చేసి చెప్పేవాళ్లలో సగం మంది చేసేది ఈ పనే. కావాలని చేసే మోసం కాదు, కంపెనీ పేరు చూసి మొదట దొరికిన పట్టికను పట్టుకుంటారు.

కాబట్టి నంబరును కాసేపు పక్కన పెట్టి, చెక్కిన ఊరి పేరును చూద్దాం. 1965లో ఆ కంపెనీ చేతులు మారింది. ఫ్యాక్టరీ క్లీవ్‌లాండ్ నుంచి దగ్గరలోని ఈస్ట్‌లేక్‌కు వెళ్లింది. తర్వాత వచ్చినవాటి మీద కింగ్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అని, ఈస్ట్‌లేక్ అని ఉంటుంది. మీదాని మీద హెచ్.ఎన్. వైట్, క్లీవ్‌లాండ్ అని ఉంది. అంటే 1960ల నడుమకు ఇటువైపు రాదు. పై గీత దొరికింది.

కింది గీత మీరు పంపిన మూడో ఫోటోలో ఉంది. బహుశా మీరు గమనించి ఉండరు. కేసు మూత లోపల అంటించిన దుకాణం చీటీ మీద చిరునామా చివర ‘క్లీవ్‌లాండ్ 14, ఒహాయో’ అని ఉంది చూడండి. ఆ 14 ఏమిటంటే పాత పోస్టల్ జోన్ నంబరు. అమెరికాలో పెద్ద నగరాలకు ఈ ఒకటి రెండు అంకెల జోన్లు 1943లో వచ్చాయి. 1963 జులైలో ఐదంకెల జిప్ కోడ్ వచ్చింది. ఆ పాత 14 ఇప్పుడు మీ డౌన్‌టౌన్ జిప్ 44114 చివర కూర్చుని ఉంది. జిప్ కోడ్ వచ్చిన కొత్తలో పాత చీటీలు ఇంకా కొన్నాళ్లు వాడి ఉంటారనుకున్నా, ఆ దుకాణం దీన్ని అమ్మింది 1943కీ 1960ల మొదటికీ మధ్యనే. కేసు ఈ ట్రాంబోన్‌తో పాటు వచ్చిందే అయితే సుమా. కేసులు మారిపోవడం మామూలే. మీదాంట్లో మాత్రం లోపలి గుంటలు ట్రాంబోన్ ఆకారానికి సరిగ్గా సరిపోయి, వెల్వెట్ అరిగినచోట్లు కూడా దాని ఒంపులకే అరిగి ఉన్నాయి. అసలు కేసే అని నా నమ్మకం.

మూడో ఆధారం మనిషే. మీ పక్కింటి పెద్దాయన స్కూల్లో వాయించానన్నారు కదా. ఇక్కడ పిల్లలు ఐదో తరగతిలోనో ఆరులోనో బ్యాండ్‌లో చేరతారు. ఆయన వయసు డెబ్బై అయిదు చుట్టుపక్కల అయితే, చేరింది 1960 దగ్గర. కొత్తది కొన్నారా, అప్పటికే వాడినదా అన్నది ఆయనే చెప్పాలి. ఒక ఫోన్ చేయండి. ఇలాంటి విషయంలో నంబర్ల పట్టిక కన్నా, ‘మా నాన్న ఫలానా ఏడాది క్రిస్మస్‌కి కొన్నాడు’ అన్న ఒక్క మాట గట్టిది. ఈ మూడూ కలిపి చూస్తే నా అంచనా 1950ల చివరా, 1960ల మొదలా. ప్రకటనలో కూడా అలాగే రాయండి. ఒకే ఏడాది పేరు చెప్పి ఇరుక్కోవద్దు.

ఒక జాగ్రత్త. ట్రాంబోన్ రెండు ముక్కలుగా విడిపోయే వాయిద్యం. ముందుకూ వెనక్కూ జారే గొట్టం, అంటే స్లైడ్ ఒకటి, బెల్ అనే వెడల్పాటి మూతి ఉన్న భాగం ఒకటి. స్కూలు బ్యాండ్ గదిలో ఒకరి స్లైడ్ ఇంకొకరి బెల్‌తో వెళ్లిపోవడం కొత్తేమీ కాదు. రెండు భాగాల మీదా నంబరు ఉంటే కలుస్తుందో లేదో చూడండి. కలవకపోతే కొంప మునగదు, కానీ కొనేవాడికి ముందే చెప్పాలి.

ఈ ఊరి పేరు చిట్కా మిగతా పాఠకులకూ పనికొస్తుంది కాబట్టి రెండు మాటలు. ఓల్డ్స్ అనే అమెరికన్ కంపెనీ ట్రాంబోన్ మీద లాస్ ఏంజెలెస్ అని మాత్రమే ఉంటే 1950ల నడుమకు ముందుది, ఫుల్లర్టన్ అని ఉంటే తర్వాతది. ఆ కంపెనీ 1979లో మూతపడింది కాబట్టి ఫుల్లర్టన్ అని ఉన్నదేదీ దానికి ఇవతలిది కాదు. బాక్ అనే ఇంకో కంపెనీ అయితే న్యూయార్క్ నుంచి 1953లో మౌంట్ వెర్నన్‌కు, 1960ల నడుమ ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌కు మారింది. ‘మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949కి ముందుదీ కాదు, జర్మనీలు కలిసిపోయిన 1990కి తర్వాతదీ కాదు. మన వైపు పాత చర్చి బ్యాండ్లలోనో పోలీసు బ్యాండ్లలోనో పనిచేసిన తాతగారి ట్రాంబోన్ మీద ‘బూసీ అండ్ హాక్స్, లండన్’ అని ఉంటే, ఆ రెండు కంపెనీలు కలిసింది 1930లో. అందుకని బ్రిటిష్‌వాళ్ల కాలం నాటిదే అయినా, 1930కి ముందుది మాత్రం కాదు. వయసు తేల్చాలంటే నంబరు కన్నా ముందు చెక్కిన అక్షరాలు చదవాలి.

ఇప్పుడు మీవారికి నచ్చని భాగం. అరవై ఏళ్ల స్కూలు ట్రాంబోన్ అంటే యాంటిక్ కాదండీ, అరవై ఏళ్లు వాడిన స్కూలు ట్రాంబోన్. వయొలిన్ పాతబడే కొద్దీ విలువ పెరుగుతుందన్న మాట విని చాలామంది ఇత్తడి వాయిద్యాలకూ అదే లెక్క వేస్తారు. ఇత్తడి అరుగుతుంది. పాత ట్రాంబోన్లకు మంచి ధర పలకడం ఉంది, లేకపోలేదు. కింగ్‌లోనే 2బి, 3బి అన్న మోడళ్లను జాజ్ వాయించేవాళ్లు వెతుక్కుని కొంటారు. వెండి బెల్ ఉన్న సిల్వర్‌సోనిక్ కనిపిస్తే వదలరు. కాన్ కంపెనీ ఎల్క్‌హార్ట్‌లో ఉన్నప్పుడు చేసిన 88హెచ్ మోడల్‌కి ఆర్కెస్ట్రావాళ్లలో ఇప్పటికీ గిరాకీ. అవన్నీ వృత్తి కళాకారుల కోసం చేసినవి, వయసు వల్ల కాదు, పనితనం వల్ల నిలబడ్డాయి. మీది పిల్లల కోసం గట్టిగా చేసిన సరుకు. మంచిదే. స్లైడ్ బాగా జారుతుంటే 150 నుంచి 250 డాలర్ల మధ్య ఎక్కడో తేలుతుందని నా అంచనా, స్లైడ్ పట్టేస్తుంటే వంద కూడా కష్టం. మీవారికి నా మాట మీద నమ్మకం కుదరకపోతే, ఈబేలో ‘సోల్డ్ ఐటమ్స్’ అన్న గడి నొక్కి, ఇదే రకం నిజంగా ఎంతకు అమ్ముడుపోయిందో చూడమనండి. అమ్మేవాళ్లు అడిగే ధర చూడొద్దు. పదిహేను వందలు ఎవరైనా అడగొచ్చు.

ధర మొత్తం స్లైడ్ మీద ఉంటుంది కాబట్టి దాన్ని మీరే పరీక్షించడం నేర్చుకోండి. బయటి స్లైడ్ తీసేసి లోపలి రెండు గొట్టాల చివరలు చూడండి. అక్కడ నాలుగైదు అంగుళాల మేర కొంచెం లావుగా ఉంటుంది, రాపిడంతా ఆ భాగానిదే. తెల్లగా మెరిసే క్రోమ్ పూత కింద పసుపు రంగు కనబడుతుంటే అరిగిందన్నమాట. ఆ తర్వాత శుభ్రం చేసి నూనె వేసి మళ్లీ తొడిగి, మెల్లగా మొదటి నుంచి చివరిదాకా లాగండి. ఎక్కడైనా గరగరమంటే, ఒకచోట పట్టేసి మళ్లీ వదిలితే, సొట్టో వంకరో ఉంది. బయటి గొట్టం మీద వేలితో రాస్తూ పోతే కంటికి కనబడని సొట్ట కూడా తెలుస్తుంది. గాలి బిగువు చూడాలంటే, స్లైడ్ పూర్తిగా మూసి, పైన ఉన్న రెండు రంధ్రాల్లో ఒకదాన్ని బొటనవేలితో మూసి, ఇంకోదాంట్లో మెల్లగా ఊదండి. కింద నీళ్లు వదిలే తాళం మూసే ఉండాలి. గాలి ఎక్కడా బుస్సుమనకూడదు. ఆ తాళం దగ్గర కార్క్ ఎండిపోయి గాలి పోతుంటే కంగారు పడకండి, అది కొద్ది డాలర్ల పని.

సొట్టలు తీయించాలా, కొత్త పూత వేయించాలా అని మీరు అడగలేదు, మీవారు అడుగుతారు. వద్దు. కొత్త పూతకు ముందు మర పెట్టి రుద్దుతారు, ఆ రుద్దుడుకి చెక్కిన అక్షరాలు మెత్తబడిపోతాయి, తెలిసినవాళ్లు ధర తగ్గించేస్తారు. పైగా 200 డాలర్ల వస్తువుకు 200 డాలర్ల రిపేరు చేయించి అమ్మితే, అది వ్యాపారం కాదు, దానధర్మం. ఇంట్లో ఒక స్నానం చాలు. టబ్బులో అడుగున పాత తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు. వేణ్నీళ్లు వద్దు, పాత లాకర్ పొరలుగా లేచిపోతుంది. గొట్టాల్లోకి దూరే వంగే బ్రష్ ఒకటి మ్యూజిక్ షాపులో దొరుకుతుంది, దాంతో లోపల తోమండి. ఆ పని అత్తగారికి అప్పజెప్పండి, లోపలి నుంచి వచ్చే నల్లటి మురికి చూస్తే ఆవిడకు తోమాలన్న ముచ్చట తీరుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టి, స్లైడ్‌కి స్లైడ్ నూనె వేయండి. కొబ్బరినూనె, వంటనూనె లాంటివి మాత్రం వద్దు, జిగురుకట్టి స్లైడ్‌ని పట్టేస్తాయి.

మౌత్‌పీస్ జోలికి పోకండి. మీవారు ప్లయర్లు, కటింగ్ ప్లేయరు తీస్తే లాక్కుని దాచేయండి. మెలితిప్పితే ఊడేది మౌత్‌పీస్ కాదు, అది కూర్చున్న గొట్టం తాలూకు అతుకులు. దానికి పుల్లర్ అని ఒక చిన్న పనిముట్టు ఉంటుంది, ఏ మ్యూజిక్ షాపులోనైనా నిమిషంలో తీసి ఇస్తారు, చాలాచోట్ల డబ్బులు కూడా తీసుకోరు. మీ అబ్బాయి స్కూలు బ్యాండ్ డైరెక్టర్ దగ్గర కూడా ఉండే ఉంటుంది.

ఆయన్ని కలవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దీన్ని అమ్మడానికి నా మొదటి ఎంపిక ఆయనే. ఆయన కొనక్కర్లేదు, ఎవరికి కావాలో ఆయనకు తెలుస్తుంది. కొత్త స్కూలు ట్రాంబోన్ వెయ్యి డాలర్ల పైమాట, నెలనెలా అద్దె కట్టలేని ఇళ్లు ప్రతి స్కూల్లో ఉంటాయి. మార్చింగ్ బ్యాండ్‌లో ఎండకూ వానకూ వాడుకోవడానికి పాతది చవగ్గా కావాలనే పిల్లలూ ఉంటారు. సమయం కూడా చూసుకోండి. బ్యాండ్‌లో కొత్తగా చేరే పిల్లల తల్లిదండ్రులు జులై నుంచి సెప్టెంబరు దాకా వెతుకుతారు. జనవరిలో పెడితే మీ ప్రకటన కింద ‘స్టిల్ అవైలబుల్?’ అన్న మెసేజులు తప్ప మనుషులు రారు. మ్యూజిక్ షాపుకి అమ్మితే పని తొందరగా అవుతుంది, వాళ్లూ లాభం చూసుకోవాలి కాబట్టి చేతికొచ్చేది సగానికి అటూ ఇటూ. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాలా అంటే, నన్నడిగితే వద్దు. ముందు ‘మనవాళ్లే కదా’ అని ధర తగ్గుతుంది, ఆ తర్వాత ఆర్నెల్లకు ఉగాది పాట్‌లక్‌లో స్లైడ్ పట్టేస్తోందని పంచాయితీ వస్తుంది.

బయటివాళ్లకు అమ్మితే ఫోటోలు నిజాయితీగా పెట్టండి. మొత్తం వాయిద్యం ఒకటి, చెక్కిన అక్షరాలు దగ్గరగా, నంబరు, లోపలి స్లైడ్ చివరలు, వెనక వంపు, ప్రతి సొట్టా, కేసు లోపల ఆ చీటీతో సహా. తెలిసినవాడు ఆ చీటీ చూసే సంతోషిస్తాడు. ‘రేర్’, ‘యాంటిక్’ అన్న మాటలు రాయకండి, వాటిని చూసి పారిపోయేవాళ్లే ఎక్కువ. ఎవరైనా అడిగిన దానికన్నా ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగతాది తిరిగి పంపమంటే అక్కడితో మాటలు ఆపేయండి. బ్యాంకు మీ ఖాతాలో డబ్బు చూపించినా, ఆ చెక్కు దొంగదని తేలడానికి ఇంకా రోజులు పడుతుంది, అప్పటికి మీరు పంపిన డబ్బు పోయి ఉంటుంది. ‘మీరు నిజమైన మనిషేనా, మీ ఫోన్‌కి వచ్చిన కోడ్ చెప్పండి’ అన్నవాళ్లకూ అదే జవాబు. పగటిపూట, లైబ్రరీలాంటి చోట కలిసి, కొనేవాడినే వాయించి చూసుకోమని, నగదు తీసుకోండి.

ఊరికే వచ్చింది అమ్మడం తప్పా అన్నారు. ఇచ్చినాయన బతికే ఉన్నారు, ఫోన్ నంబరు ఉంది. వయసు అడగడానికి ఎలాగూ ఫోన్ చేస్తారు కదా, అప్పుడే ‘మావాడు మానేశాడండీ, మీకుగానీ మీ మనవలకుగానీ కావాలా?’ అని ముందు ఆయన్నే అడగండి. కావాలంటే తిరిగి ఇచ్చేయండి, పోస్టు ఖర్చు మీరే పెట్టుకోండి. వద్దంటే, ఇంకో పిల్లాడికి చవగ్గా ఇస్తున్నామని చెప్పండి. ఆయన సంతోషిస్తారనే నా ఊహ. వచ్చిన డబ్బు మీవాడి రోబోటిక్స్ కిట్‌కి పోయినా ఎవరూ తప్పు పట్టరు.

ఒకవేళ పార్సిల్‌లో పంపాల్సి వస్తే, మౌత్‌పీస్‌ని కేసులో విడిగా వదలకండి. దారిలో అది దొర్లి బెల్‌కీ స్లైడ్‌కీ సొట్టలు పెడుతుంది, పాత ట్రాంబోన్లకు ఉండే సొట్టల్లో కొన్ని అలా వచ్చినవే. దాన్ని బబుల్ రాప్‌లో చుట్టి కేసు బయట, పెట్టెలో ఒక మూల పెట్టండి. స్లైడ్ తాళం వేసి, కేసులో ఖాళీలన్నీ పాత టీషర్టులతో నింపి, ఊపితే చప్పుడు రాకుండా చూసుకుని, అప్పుడు పెట్టెకు టేపు వేయండి.